దక్షిణ స్పెయిన్‌లో పిల్లలు, ఒక బొమ్మ, నాలుగు ఊళ్లు: ఎవరికి ఏది సరిపోతుంది?

పిల్లలతో దక్షిణ స్పెయిన్‌కి వెళ్తున్నామని చెప్పగానే చేతికొచ్చే ప్యాకేజీలు దాదాపు ఒకేలా ఉంటాయి. సెవిల్ ఒక రాత్రి, కోర్డోబా ఒక రాత్రి, గ్రనాడా ఒక రాత్రి, మాలగా ఒక రాత్రి. రోజూ పెట్టె సర్దుకోవడమంటే పెద్దవాళ్లకే విసుగు. పక్కన ఆరేళ్ల పిల్ల, ఆ పిల్ల చంకలో ఒక బొమ్మ ఉంటే ఈ లెక్క అస్సలు కుదరదు. నా సలహా ముందే చెప్పేస్తాను. వారం రోజులుంటే రెండు ఊళ్లలోనే బస పెట్టుకోండి, మిగతావి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయండి. ఆ రెండు ఊళ్లు ఏవనేది పిల్లల వయసు, మీకు సెలవులు దొరికే నెల, మీరు కారు నడుపుతారా లేదా అన్న మూడింటిని బట్టి తేలుతుంది.

బొమ్మ సంగతి తేలిగ్గా తీసుకోకండి. మా ఇంట్లో ఆ పదవి బొండాం అనే గుడ్డ ఏనుగుది. రాజుల కాలం నాటి కోట చూద్దాం రామ్మా అంటే మా చిన్నది కదలదు. బొండాంకి సింహాలు చూపిద్దామా అంటే చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. అందుకని ఈ పోలికలో ప్రతి ఊరికీ బొమ్మ వైపు నుంచి కూడా మార్కులు వేశాను.

ఏ బొమ్మను తీసుకెళ్లాలి

మూడు రకాలు ఆలోచించవచ్చు. రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ, ప్రయాణం కోసమే కొన్న కొత్త బొమ్మ, మన ఊరి గుర్తుగా కొండపల్లిదో ఏటికొప్పాకదో.

మూడోది వినడానికి బాగుంటుంది, ఫొటోల్లో ఇంకా బాగుంటుంది. కానీ కొండపల్లి బొమ్మను చేసేది తెల్ల పొణికి చెక్కతో. తేలికైన, మెత్తటి చెక్క అది. చేతులు, తొండాలు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. రాతి నేల మీద ఒక్కసారి పడిందా, చెయ్యి ఒకచోట, బొమ్మ ఒకచోట. ఏటికొప్పాక లక్క బొమ్మ అంకుడు కర్రది, గట్టి పిండం. కిందపడ్డా తట్టుకుంటుంది. చిక్కల్లా అది గుండ్రంగా ఉండడమే. గ్రనాడాలో అల్బైసిన్ సందుల వాలులో చేయి జారితే దాని వెనక మీరు పరిగెత్తాల్సిందే. ఎనిమిదేళ్లు దాటి, బొమ్మను పట్టుకుని పడుకునే అలవాటు పోయిన పిల్లలకైతే ఏటికొప్పాకదే నా ఓటు.

పక్కలో పెట్టుకునే పాత బొమ్మను మాత్రం ఇంట్లోనే ఉంచండి. అది పోతే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు, దానికి బదులు ఏది కొనిచ్చినా చెల్లదు. చిన్నపిల్లలకు మిగిలేది రెండో రకం. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే కొని చేతిలో పెట్టండి, పేరు వాళ్లనే పెట్టనివ్వండి. జానెడు కంటే పెద్దది వద్దు. రాత్రి ఉతికితే పొద్దుటికి ఆరిపోవాలి. తెలుపు, క్రీమ్ రంగులు అసలే వద్దు. బొండాం లేత బూడిద రంగులో ఉండేసరికి ఒక హోటల్లో దుప్పట్లలో కలిసిపోయి నేరుగా లాండ్రీకి వెళ్లింది. సాయంత్రానికి సబ్బు వాసనతో, ఒక చెవి ముడుచుకుపోయి తిరిగొచ్చింది. ఎరుపో, నారింజో, ముదురు ఆకుపచ్చో అయితే ఖాళీ చేసేటప్పుడు మంచం మీద కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాలికి చిన్న గుడ్డపట్టీ కుట్టి, దాని మీద దేశం కోడ్‌తో సహా ఫోన్ నంబరు రాయండి.

ఏ నెలలో వెళ్తున్నారు

ఊరు ఎంచుకునే ముందు క్యాలెండర్ చూడాలి. జులై, ఆగస్టుల్లో సెవిల్, కోర్డోబాల్లో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మామూలే. మన విజయవాడ వాళ్లకి 40 కొత్త కాదు గానీ, విజయవాడలో ఆ ఎండలో ఎవరూ పిల్లల్ని కోటలు చూపించడానికి తిప్పరు కదా. మాలగాకు సముద్రం గాలి ఉంటుంది. గ్రనాడా సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి పగలు కాలినా రాత్రికి చల్లబడుతుంది.

అమెరికా నుంచి బడి సెలవులకు జూన్ చివర, జులైలో వెళ్లే కుటుంబాలు మాలగా, గ్రనాడా జంటను ఎంచుకోవడం మేలు. ఆంధ్ర, తెలంగాణ నుంచి వెళ్లేవాళ్లకు మే నెల ఉంది. మే మొదట్లో కోర్డోబాలో ఇళ్ల లోపలి పూల పెరళ్లను జనం చూడ్డానికి తెరిచి పెడతారు. ఈ పెరళ్ల పండగను యునెస్కో 2012లో తన జాబితాలో చేర్చింది. నన్నడిగితే అన్నిటికంటే మంచివి దసరా సెలవులు. ఎండ తగ్గుతుంది, సముద్రం ఇంకా మరీ చల్లబడదు, వేసవి రద్దీ పోయి ఉంటుంది. ఈస్టర్ వారం, ఆ తర్వాత కొద్ది రోజులకే వచ్చే సెవిల్ ఏప్రిల్ జాతర రోజుల్లో మాత్రం హోటల్ ధరలు ఆకాశంలో ఉంటాయి. ఊరేగింపులు చూడాలన్న కోరిక గట్టిగా ఉంటే తప్ప చిన్నపిల్లలతో ఆ గుంపుల్లోకి వెళ్లకండి.

సెవిల్

నాలుగింటిలో పిల్లలు నడవడానికి అనువైన ఊరు ఇదే. నేల చదును, పార్కులు పెద్దవి, దారి పొడవునా నారింజ చెట్లు. కాయలు చూసి కోసుకోవాలనిపిస్తుంది గానీ అవి చేదు నారింజలు, మార్మలేడ్‌కి తప్ప పనికిరావు. ఎంత చెప్పినా ఎవరో ఒకరు కొరికి చూస్తారనుకోండి.

చర్చి గోపురం హిరాల్దా ఒకప్పటి మసీదు మీనారు, ఎత్తు దాదాపు 104 మీటర్లు. అంత ఎత్తంటే మెట్లెక్కలేమని భయపడతారు. ఇక్కడ మెట్ల బదులు 35 వాలు దారులు ఉన్నాయి, అజాన్ ఇచ్చేవాళ్లు గుర్రం మీద పైకి వెళ్లడానికని అలా కట్టారంటారు. ప్రతి మలుపులో గోడ మీద అంకె ఉంటుంది. బొమ్మ చేతిలో ఉన్న పిల్లకు ఆ అంకెలే ఆట. పైన గంటల దగ్గర మాత్రం బొమ్మను కిటికీలోంచి బయటికి చాపనివ్వకండి.

బొమ్మ ఫొటోలకు సెవిల్‌ని కొట్టేది లేదు. 1929 ఎగ్జిబిషన్ కోసం కట్టిన ప్లాసా దె ఎస్పాన్యాలో అర్ధచంద్రాకారంలో 48 రంగు పలకల బెంచీలు వరసగా ఉంటాయి. ఒక్కో ప్రావిన్సుకు ఒకటి, దాని చరిత్ర ఘట్టంతో, కింద మ్యాప్‌తో. మీరు వెళ్లబోయే గ్రనాడా, మాలగా బెంచీలు వెతికి బొమ్మను కూర్చోబెట్టమనండి, గంట ఇట్టే గడిచిపోతుంది. ముందున్న కాలవలో తెడ్ల పడవలు అద్దెకిస్తారు. పొద్దున తొమ్మిదికి ముందు వెళ్తే పెళ్లి ఫొటోల వాళ్లు, గుంపులు తగులుకోవు.

కోర్డోబా

రాత్రి బస అక్కర్లేదు. సెవిల్ నుంచి హైస్పీడ్ రైల్లో ముప్పావు గంట. చూడాల్సింది మెస్కితా. 785లో మొదలైన మసీదు, లోపల 850కి పైగా స్తంభాలు, వాటి మీద ఎరుపు తెలుపు చారల జంట కమానులు. 16వ శతాబ్దంలో దాని నడిబొడ్డున చర్చి కట్టారు. పెద్దవాళ్లు అక్కడ మాట రాక నిలబడిపోతారు, పిల్లలకు అది దాగుడుమూతల మైదానంలా కనిపిస్తుంది. ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చోటు కాబట్టి పరుగులు కుదరవు. ఒక పని చేయవచ్చు. స్తంభాల్లో ఎన్నో పాత రోమన్ కట్టడాల నుంచి తెచ్చినవి, అందుకే రంగులు, తలకట్లు వేరువేరుగా ఉంటాయి. బొమ్మకు నచ్చిన స్తంభం వెతకమంటే అరగంట నిశ్శబ్దం గ్యారంటీ. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున ఎనిమిదిన్నర నుంచి గంటసేపు ఉచితంగా చూడనిచ్చే ఆనవాయితీ ఉంది. ఏదైనా ప్రత్యేక పూజ ఉంటే అది ఉండదు.

గ్రనాడా

అల్‌హంబ్రా అనే పాత ముస్లిం రాజుల కోట కోసమే అందరూ గ్రనాడా వెళ్తారు, అల్‌హంబ్రాలోనే పిల్లలతో టెన్షన్ ఎక్కువ. కోట లోపలున్న నస్రిద్ వంశపు రాజుల ప్యాలెస్‌లకు టికెట్ మీద టైమ్ రాసి ఉంటుంది, ఆ టైమ్‌కి గుమ్మం దగ్గర లేకపోతే అంతే సంగతులు. టికెట్లు పేరు మీద ఇస్తారు, పాస్‌పోర్ట్ చూస్తారు. చిన్నపిల్లలకు ఉచితమైనా వాళ్ల పేరున కూడా టికెట్ తీసుకోవాలి. సీజన్‌లో వారాల ముందే అయిపోతాయి కాబట్టి నా పద్ధతి ఏంటంటే, ముందు అల్‌హంబ్రా టికెట్, తర్వాతే హోటల్, రైలు. మిగతా ప్లాన్ అంతా ఆ తేదీ చుట్టూ కట్టుకోవాలి.

స్లాట్ ఎప్పుడు తీసుకోవాలన్నది కూడా ఎంపికే. పొద్దున తొమ్మిదీ తొమ్మిదిన్నర మధ్య తీసుకుంటే ప్యాలెస్‌లు ముందు అయిపోతాయి, ఆ తర్వాత హెనెరలీఫె తోటల్లో నీళ్ల కాలవల పక్కన పిల్లలు వాళ్ల ఇష్టం వచ్చినట్టు నడుస్తారు. మధ్యాహ్నం స్లాట్ అయితే మూడు గంటలు తోటల్లో తిరిగి అలసిపోయాక అసలు చూడాల్సింది మొదలవుతుంది, అప్పటికి పిల్ల మీ భుజం మీద నిద్రపోతూ ఉంటుంది.

లోపల సింహాల ముంగిలిలో ఫౌంటెన్ చుట్టూ 12 పాలరాతి సింహాలున్నాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ ఏ రెండూ ఒకటి కావు, మూతి, జూలు, తోకల్లో తేడాలుంటాయి. తాడు ఇవతల నిలబడి మా చిన్నది బొండాంని తలపైకెత్తి, "నాన్నా, వెనక సింహాలు దీనికి కనపడట్లేదు, ఎత్తుకో" అంది. వాళ్ల నాన్న ఇద్దర్నీ ఎత్తుకుని ఫౌంటెన్ చుట్టూ తిరిగారు. ఏ గైడ్ చెప్పినా అంతసేపు ఆ పిల్ల ఆ రాళ్లను చూసేది కాదు. ఒక జాగ్రత్త. గోడల మీద, స్తంభాల పాదాల మీద బొమ్మను నిలబెట్టి ఫొటో తీయబోతే కాపలావాళ్లు వెంటనే వద్దంటారు. ఆ సున్నపు నగిషీ వందల ఏళ్లది, ముట్టుకోకూడదు. బొమ్మ చేతిలోనే ఉండాలి.

అల్బైసిన్ పేట అందమైనదే గానీ అన్నీ ఎత్తు పల్లాలు, గులకరాళ్ల దారులు. స్ట్రాలర్ అయితే చక్రాలు విరుగుతాయి, నడుం కూడా. పైకి చిన్న బస్సులున్నాయి, పట్టింపుకి పోకుండా ఎక్కేయండి. కోటలతో విసిగిన పిల్లలకు ఊళ్లోనే పార్కె దె లాస్ సియెన్సియాస్ అనే పెద్ద సైన్స్ మ్యూజియం ఉంది. ఇక్కడ ఒక రాత్రి చాలదు, రెండుండాలి.

మాలగా

చరిత్ర కోసం వచ్చేవాళ్లు మాలగాను ఎయిర్‌పోర్ట్ ఊరిగానే లెక్కేస్తారు. పిల్లలతో అయితే నేను దీన్నే మొదటి బస చేసుకుంటాను. ఎయిర్‌పోర్ట్ నుంచి లోకల్ రైల్లో పావుగంటలోపే ఊళ్లోకి వస్తారు. హైదరాబాద్ నుంచి మాలగాకు గానీ సెవిల్‌కి గానీ నేరుగా విమానం లేదు. ఎక్కడో మారి, సగం నిద్రలో దిగే పిల్లలకు ఆ పావుగంట పెద్ద వరం. మొదటి రోజు ఏ టికెట్టూ, ఏ స్లాటూ పెట్టుకోకుండా మలగెతా బీచ్ ఇసుకలో వదిలేస్తే జెట్‌లాగ్ దానంతటదే సర్దుకుంటుంది. బొమ్మకు మాత్రం ఇసుక శత్రువు. కుట్లలోకి దూరితే వారం దాకా రాలుతూనే ఉంటుంది, జిప్ ఉన్న కవర్లో పెట్టి ఉంచండి.

చిత్రకారుడు పికాసో 1881లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆ ఇంటి ముందున్న మెర్సెద్ కూడలిలో కంచు పికాసో ఒక బెంచీ మీద కూర్చుని ఉంటాడు, పక్కన ఖాళీ ఉంటుంది. ఒళ్లో బొమ్మను పెట్టి ఫొటో తీయని పిల్లల్ని నేను చూడలేదు. పికాసో మ్యూజియం పెద్దవాళ్లకు, పదేళ్లు దాటినవాళ్లకు. అల్కసాబా కోట అల్‌హంబ్రాకు చిన్న తమ్ముడి లాంటిది, టికెట్ టెన్షన్ లేదు. గ్రనాడా టికెట్లు దొరక్కపోతే దీనితోనే పిల్లలకు తృప్తి కలుగుతుంది, ఆ విషయం వాళ్లకు చెప్పకపోతే చాలు.

కారా, రైలా

సెవిల్, కోర్డోబా, మాలగాల మధ్య రైలు తప్ప ఇంకోటి ఆలోచించకండి. పాత పేటల్లో సందులు ఇరుకు, చాలా వీధుల్లోకి బయటి కార్లకు అనుమతి ఉండదు. కెమెరా పట్టేసుకుని తర్వాత జరిమానా కాగితం ఇంటికొస్తుంది. పార్కింగ్ ఖర్చు వేరే. కోర్డోబా నుంచి మాలగా హైస్పీడ్ రైల్లో సుమారు గంట. ఈ రైళ్లు ఎక్కే ముందు సామాన్లను ఎక్స్‌రేలో పెడతారు, బొమ్మ బెల్టు మీద లోపలికెళ్లి అటువైపు బయటికి రావడం పిల్లలకు అదో పండగ. టికెట్లు ముందే కొంటే బాగా చవక.

గ్రనాడాకు మాత్రం రైలు కంటే బస్సే నయం అనిపించవచ్చు. మాలగా నుంచి గంటన్నర పైన, సెవిల్ నుంచి మూడు గంటలు, బస్సులు తరచుగా ఉంటాయి.

కారు ఎప్పుడు తీసుకోవాలంటే, లోయ మీదున్న రోండా ఊరు, తెల్లటి గోడల కొండ పల్లెలు చూడాలన్నప్పుడు. అదీ రెండు మూడు రోజులకే, మాలగా నుంచి తీసుకుని మాలగాలోనే ఇచ్చేయాలి. మన లైసెన్స్‌తో పాటు ఆర్టీవో దగ్గర తీసుకునే ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి. 135 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలు వెనక సీట్లో, తగిన చైల్డ్ సీట్‌లోనే కూర్చోవాలని అక్కడి చట్టం. అద్దె సీట్లు రోజుకింత అని వసూలు చేస్తారు, ఇద్దరు పిల్లలుంటే కారు అద్దెతో పోటీపడతాయి. ఇది బుకింగ్ పేజీలో చివరికి గానీ కనబడదు. పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టర్ సీటు అయితే ఇంటి నుంచే తెచ్చుకోండి. కొండ మలుపుల్లో వాంతులయ్యే పిల్లలుంటే రోండా రోడ్డు వద్దు, బొమ్మను కూడా ఉతకాల్సి వస్తుంది.

పక్క ట్రిప్పుల్లో ఏది

నెర్హా గుహలు మాలగాకు తూర్పున గంట దూరం. 1959లో పక్కనున్న మారో ఊరి కుర్రాళ్లు ఐదుగురు గబ్బిలాలు పట్టడానికి వెళ్లి ఈ గుహలు కనిపెట్టారు. ఈ కథ ముందే చెప్పి తీసుకెళ్తే పిల్లలు తామే కనిపెడుతున్నట్టు నడుస్తారు. వేసవిలో కూడా లోపల చల్లగా ఉంటుంది. మెట్లు చాలా ఉన్నాయి, ఎత్తుకోవాల్సిన వయసు పిల్లలైతే ఆలోచించుకోండి.

రోండాలో 1793లో పూర్తయిన వంతెన 98 మీటర్ల లోయ మీద నిలబడి ఉంటుంది. చూసి తీరాల్సిందే. అక్కడ బొమ్మ సంచిలోనే ఉండాలి, పిట్టగోడ మీద కూర్చోబెట్టి ఫొటో తీద్దామనుకోకండి.

రోండాకు దగ్గర్లోనే హుస్కర్ అనే చిన్న పల్లె ఉంది. స్మర్ఫులనే నీలి బుల్లి మనుషుల సినిమా ప్రచారం కోసం 2011లో ఊరంతా నీలం రంగు వేశారు. అంతకుముందు చుట్టుపక్కల పల్లెల్లాగే తెల్లగా ఉండేది. తిరిగి తెలుపు వేయిస్తామని సినిమా వాళ్లంటే, ఊరివాళ్లు ఓటేసి నీలమే ఉంచుకున్నారు. చూడ్డానికి గంట చాలు, కానీ బొమ్మ పట్టుకుని తిరిగే పిల్లకు ఆ గంటే ట్రిప్పంతటికీ గుర్తు.

కామినీతో దెల్ రేయ్, అంటే లోయ గోడకు వేలాడే ఆ నడక దారికి, ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు. బతిమాలినా లాభం లేదు. పెద్దపిల్లలుంటే దాన్ని రోండా కంటే ముందు పెట్టండి.

జిబ్రాల్టర్ చాలామంది లిస్టులో ఉంటుంది, కోతుల కోసం. అది బ్రిటిష్ భూభాగం. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో వెళ్లేవాళ్లు స్పెయిన్ వీసా ఉంది కదా అని బయల్దేరకుండా అప్పటి నిబంధనలు చూసుకోవాలి. ఇక ఆ కోతులు తిరుమల నడక దారిలో కోతుల్లాగే, చేతిలో ఏది మెత్తగా కనిపిస్తే అది లాక్కుపోతాయి. బొమ్మను ఆ రోజు హోటల్ గదిలో వదిలి వెళ్లడానికి పిల్ల ఒప్పుకుంటేనే జిబ్రాల్టర్ పెట్టుకోండి.

తిండి

వేళలతోనే ఇబ్బంది. మధ్యాహ్నం భోజనం రెండింటికి, రాత్రి వంటశాలలు చాలాచోట్ల ఎనిమిదిన్నరకు గానీ తెరవరు. పిల్లలకు ఆరింటికే ఆకలేస్తుంది కాబట్టి హోటల్ కంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ మేలు, కుక్కర్ లేకపోయినా గిన్నెలో అన్నం వండుకోవచ్చు. శాకాహారులకు సెవిల్‌లో పాలకూర, శనగలు కలిపి వండే ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్, కోర్డోబాలో వంకాయ వేపుడు మీద తేనెపాకం పోసి ఇచ్చే బెరెన్హేనాస్ దొరుకుతాయి. సాల్మొరేహో అనే చల్లటి టొమాటో సూప్ బాగుంటుంది గానీ పైన పంది మాంసం ముక్కలు, గుడ్డు చల్లుతారు. "సిన్ హామోన్", అంటే పంది మాంసం వద్దు అని ముందే చెప్పాలి. కూరగాయల సలాడ్ అని తెప్పించుకున్నా ట్యూనా చేప వచ్చి కూర్చుంటుంది, అడిగే తినండి. గ్రనాడాలో చాలా బార్లలో డ్రింక్‌తో పాటు చిన్న ప్లేటు ఉచితంగా వస్తుంది, పిల్లల జ్యూస్‌తో కూడా ఇచ్చే చోట్లున్నాయి.

మరి ఏ జంట?

ఐదేళ్ల లోపు పిల్లలుంటే మాలగాలో నాలుగు రాత్రులు, సెవిల్‌లో మూడు. గ్రనాడా కొండలు, టైమ్ స్లాట్లు ఆ వయసుకి వద్దు, కోర్డోబా ఒక పూట చాలు. ఆరు నుంచి పదేళ్ల మధ్య అయితే మాలగా, గ్రనాడా. ఇదే నాకు అన్నిటికంటే నచ్చిన జంట, మధ్యలో నెర్హా. పదేళ్లు దాటితే సెవిల్, గ్రనాడా పెట్టుకుని మాలగాను విమానం ఎక్కడానికి మాత్రమే వాడుకోవచ్చు. జులై, ఆగస్టు అయితే వయసు ఏదైనా సెవిల్‌ని లిస్టులోంచి కొట్టేయండి.

ఒక్క రోజే మిగిలి, కారు చేతిలో ఉండి, నెర్హాకా హుస్కర్‌కా అని తేలకపోతే: ఎండ మండుతుంటే నెర్హా. చల్లగా ఉండి, పిల్ల చేతిలో బొమ్మ ఇంకా ఉంటే హుస్కర్, దారిలో రోండా కూడా చూసేయవచ్చు.